ఆ ఇంట్లో తాగిన నీళ్ళు

మళ్ళీ చెంచా వచ్చింది. పళ్ళకి తగిలి, నాలుక మీద ఇన్ని నీళ్ళు వదిలి వెళ్ళిపోయింది. తియ్యగా ఉన్నాయి, వెంటనే కాస్త ఉప్పగా ఉన్నాయి, ఏమిటిది వద్‌హా, టీలో ఉప్పు కలిపావా, కళ్ళు మసకలని అద్దాలు కొనిపెడితే వాటిని దుప్పట్ల పెట్టెలో దాచుకుని వంటింట్లో తడుముకుంటావు, ఇప్పుడు చూడు ఏం చేశావో, అందామనుకున్నాను గానీ నాలుక కదల్లేదు. ఎండిన తోలుముక్కలా నోట్లో పడి ఉంది. మళ్ళీ చెంచా. మింగాను. వద్‌హా ఏమీ అనడం లేదు, మామూలుగా అయితే ఈపాటికి నా వంశాన్నంతా వరసపెట్టి దులిపేసేది, అయినా నా భార్య వద్‌హా పోయి ఎన్నేళ్ళయిందని, మరి ఈ చెయ్యెవరిది, గాజు లేదు, ఉంగరం లేదు, నల్లటి అంగీ చెయ్యి మణికట్టు దాకా ఉంది. పైన తిరిగే ఫ్యాను మాది కాదు, మా ఫ్యానుకి ఒక రెక్క వంకర. గోడ నీలం రంగు, మాది ఉత్త సున్నం. గోడకి ఒక కుర్రవాడి ఫొటో ఉంది, మీసం అప్పుడప్పుడే వస్తోంది, ఫొటో తీసేవాణ్ణి నమ్మనట్టు చూస్తున్నాడు. ఫొటో పక్కన మేకుకి ఎర్రగళ్ళ తలగుడ్డ, ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. వాణ్ణి ఎక్కడ చూశాను. చూడలేదు, విన్నాను. వాడి కోసమే కదా వచ్చాను. అప్పుడు తెలిసింది నేనెక్కడ పడుకుని ఉన్నానో. మింగబోతున్న గుక్క గొంతులోనే ఆగింది, కానీ అప్పటికే ఎన్ని చెంచాలు లోపలికి పోయాయో ఆ అల్లాకే తెలియాలి.

ఆ ఇంట్లో నీళ్ళు తాగాను. మాట దొరక్కముందే తాగాను. అడగడానికి ఒక ఇంటికి వెళ్ళిన పెద్దమనిషి ముందు చేదు కాఫీ పోసిన చిన్న కప్పు పెడతారు, అతను దాన్ని ముట్టుకోడు. అడగాల్సింది అడుగుతాడు. ఇంటాయన ‘నీ కాఫీ తాగు’ అన్నాడంటే అడిగింది ఇచ్చినట్టు, అప్పుడే కప్పు ఎత్తుతాడు. ఆ మాట వచ్చేదాకా కాఫీ కాదుకదా ఆ ఇంటి నీటిచుక్క కూడా నోట పడకూడదు. అడిగేవాడికి ఉన్న బలమంతా ఆ తాగని కప్పే, ఎందుకంటే అతిథి దాహంతో లేచిపోయాడన్న మాట ఏ ఇల్లూ పడదు. నేను ఇలాంటి కప్పుల ముందు ఎన్నిసార్లు కూర్చున్నానో, పెళ్ళి సంబంధాలకి, గట్టు తగాదాలకి, నెత్తురు తగాదాలకి. అబూ నాయిఫ్ వెళ్తే కప్పు తాగే వస్తాడని మా ఊళ్ళో పేరు. ఆ పేరు విని విని మీసం దువ్వుకున్నవాణ్ణే. ఇప్పుడు ఆ కప్పు బయట డేరాలో, చాప మీద, నిండుగా, నేను వదిలిన చోటే ఉండి ఉంటుంది. నేను ఇక్కడ, తల్లి చచ్చిన గొర్రెపిల్లలా చెంచాతో చప్పరిస్తున్నాను. అదీ ఎవరి చేత్తో! ఈ చెయ్యి ఆ ఫొటోలోని కుర్రవాడి తల్లిది. వాణ్ణి చంపింది నా మనవడు.

చంపాడు అనడానికి నాకింకా నోరు రావడం లేదు, అయినా మరేమనాలి. నా కూతురు నౌఫా కొడుకు ఫవ్వాజ్, నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. ఎండాకాలం వస్తే వాడికి కునుకు ఉండదు, కరక్ ఊరి చుట్టుపక్కల ఎవరి తొట్టి ఎండినా ఫోను వాడికే. ఈ ఇంటికీ అలాగే వచ్చాడు. ఇంటి వెనక తొట్టి నింపాడు, గొట్టం చుట్టాడు, బండెక్కి వెనక్కి తీశాడు, వెనక చూడలేదు. వెనక ఆ కుర్రవాడు ఉన్నాడు, తొట్టి మూత సర్దుతూ. అంతే. ఫవ్వాజ్ జైల్లో ఉన్నాడు, అన్నం ముట్టడం లేదని నౌఫా చెప్పింది, వాడి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వేరే ఊళ్ళో అన్నగారింట్లో తలదాచుకుంది. నెత్తురు తగాదా తీరేదాకా ఫవ్వాజ్ తండ్రి వైపు వాళ్ళెవరూ ఈ నేల మీద కాలు పెట్టకూడదు. నేను తల్లి వైపు, వేరే వంశం, అందుకే క్షమాపణ అడగడానికి బస్సులో బయల్దేరిన పెద్దలందరికీ ముందు నన్ను కూర్చోబెట్టారు. నౌఫా నా కాళ్ళ దగ్గర కూర్చుని, నాన్నా నువ్వు మాట్లాడితేనే వాళ్ళు వింటారు, ఇంకెవరి వల్లా కాదు అంది. నిజమే అనుకున్నాను. నిజమే అనుకున్నాను చూడండి, అక్కడే నా కళ్ళు నెత్తికెక్కాయి.

మళ్ళీ చెంచా. పెదవులు బిగించాను. ఆమె బలవంతం చెయ్యలేదు, చెంచాని పెదవుల దగ్గరే పట్టుకుని ఊరుకుంది, పాలు తాగనని మొండికేసిన పసివాడి దగ్గర ఊరుకున్నట్టు. కిటికీ అవతల డేరాలోంచి గొంతులు వస్తున్నాయి. అందరికంటే పైకి వినిపించేది ఇంటాయన మర్జూక్ తమ్ముడు అవ్వాద్ గొంతు, ముసలాడు నాటకమాడుతున్నాడు, పడిపోతే జాలిపడతామనుకున్నాడు, బిడ్డను చంపినోడికి పెళ్ళి అడుగుతాడా, మనల్ని ఎగతాళి చెయ్యడానికొచ్చారా వీళ్ళు అంటున్నాడు. పెళ్ళి. ఏ పెళ్ళి? ఎవరు అడిగారు? నాతో వచ్చిన పెద్దల్లో ఎవరో బతిమాలుతున్నాడు, ఆ మాటలు సగం వినిపిస్తాయి, సగం ఆయనే మింగేస్తాడు. మర్జూక్ గొంతు మాత్రం వినిపించడం లేదు. అరిచేవాడితో నాకు భయం లేదు, ఎంతమంది అరిచేవాళ్ళని చూశాను. మాట్లాడనివాడితోనే భయం. పెళ్ళి అంటాడేమిటి అవ్వాద్, అని కళ్ళు మూసుకుని వెనక్కి వెతుక్కున్నాను, డేరా దాకా, బస్సు దాకా.

బస్సులో నా ఒళ్ళో సీసా ఉంది. నా తమ్ముడి కొడుకు సత్తామ్ ఇచ్చిన చల్లటి నీళ్ళసీసా, మూత తియ్యలేదు, దారంతా రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని అలంకారానికి మోశాను. తాగు పెదనాన్నా అని వాడు పదిసార్లు అని ఉంటాడు. దాహం లేదురా అన్నాను. నిన్న మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేశాను, ఎందుకో చెప్పాలంటే ఇప్పటికీ తల ఎత్తలేను. ఈ వయసులో లోపలికి పోయిన నీళ్ళు ఎంతోసేపు నిలవవు. మొన్న ఒక సంబంధం మాట్లాడుతూ మధ్యలో లేవాల్సి వచ్చింది, కూర్చున్నాక మళ్ళీ లేవాల్సి వచ్చింది, అవతలివాళ్ళలో ఒక వెధవ నవ్వాడు, నవ్వు కనపడకుండా గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, అయినా చూశాను. నెత్తురు తగాదాలో పెద్దమనిషి మధ్యలో లేచి బయటికి పరిగెడితే ఇంకేముంది. అందుకని నీళ్ళు బందు. పొద్దున్నే వేసుకునే బీపీ బిళ్ళ మాత్రం వేసుకున్నాను, అది ఒంట్లో నీటిని లాగి బయట పోసే బిళ్ళ, నీళ్ళు బాగా తాగాలని కూడా డాక్టరు చెప్పాడు, నేను బిళ్ళ సంగతి వరకే విన్నాను. ఉత్త నోటితో మింగాను. దానిమీద ఈ ఆగస్టు ఎండలో నల్ల ఉన్ని పైఅంగీ, పెద్దరికానికి. పొద్దున పోసింది మరిగిన టీ రంగులో ఉంది, అదీ రెండు చుక్కలు, చూశాను, తల తిప్పుకున్నాను. బస్సు దిగేటప్పుడు కళ్ళముందు నల్లగా అయింది, ఎండ అనుకున్నాను. ఒంటికి చెమట పట్టలేదు, ఫరవాలేదు ఇంకా గట్టివాణ్ణే అనుకున్నాను.

గట్టివాణ్ణట! ఎడారి గస్తీదళంలో ఒంటె మీద తిరిగినవాణ్ణి. దారి తప్పిన మనుషుల్ని వెతకడమే మా పని, వాళ్ళ అడుగులు పట్టుకుని పోతే, నీడ దొరికిన చోటా ఆగకుండా ఎటో వంకర్లు తిరిగి ఉండేవి. దొరికినవాణ్ణి పేరేంటని అడిగితే తన అన్న పేరు చెప్పేవాడు. ఎక్కడికి వెళ్తున్నావంటే ఇంట్లోనే ఉన్నానుగా అనేవాడు. నీళ్ళు కావాలా అంటే వద్దు, దాహం లేదు అనేవాడు, అలా అన్నవాణ్ణే మేము అందరికంటే ముందు ఒంటె మీదికి ఎక్కించేవాళ్ళం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేనే నేర్పాను, తోలుసంచి మొత్తం నోటికి ఇవ్వకండి, కక్కుతాడు, గుడ్డ తడిపి పెదవుల మీద పిండండి, తర్వాత గుక్కెడు, ఆగి ఇంకో గుక్కెడు. గొర్రె మెడ దగ్గర తోలు గిల్లి చూడండి, మడత వెంటనే సర్దుకుంటే సరే, నిలబడిపోతే దానికి నీళ్ళు లేవు. చిగుళ్ళు తాకి చూడండి, వేలికి అంటుకుంటే నీళ్ళు లేవు. ఇదంతా తెలిసినవాణ్ణి నేను. ఇదంతా తెలిసి నా నోట్లో నాలుక అంటుకుపోతుంటే సీసా మూత తియ్యనివాణ్ణి నేను.

డేరాలో ఎక్కడ కూర్చున్నానో గుర్తుంది. కప్పు పెట్టారు, పక్కకి జరిపాను, లేచి నిలబడ్డాను. దేవుణ్ణి తలుచుకున్నాను, ప్రవక్తకి సలాం చెప్పాను. మర్జూక్, నీ గడపకి వచ్చాం, నువ్వు ఇచ్చేవాడివి, మేము అడిగేవాళ్ళం అన్నాను. పెళ్ళికైనా నెత్తురుకైనా మొదలు ఇదే, మాటలు ఇవే. తర్వాత దారి చీలుతుంది. ఆ చీలిక దగ్గర నా నాలుక అలవాటైన దారి పట్టింది. ఇప్పుడు గుర్తొచ్చింది, ప్రతి మాటా గుర్తొచ్చింది, ఇంతకంటే గుర్తు రాకపోయినా బాగుండేది. నీ ఇంటి పిల్లను మా ఫవ్వాజ్‌కి ఇవ్వమని అడుగుతున్నాం అన్నాను. ఆ పేరే అన్నాను, ఆ ఇంట్లో, ఆ తండ్రి ముందు. నవ్వాను కూడా, పెళ్ళి అడిగేటప్పుడు నవ్వుముఖం పెట్టాలి కదా, మీసం దువ్వుకున్నాను. సత్తామ్ నా చెయ్యి పట్టి లాగాడు, విదిలించుకున్నాను, పిల్లవాడు మంచివాడు, సొంత ట్యాంకర్ ఉంది అన్నాను. ట్యాంకర్ అన్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళ ముఖాలు ఇంకా నా కళ్ళముందే ఉన్నాయి. తర్వాత చాప పైకి లేచి నా ముఖానికి తగిలింది. నేలలోకి దిగిపోతే బాగుండునని అందరూ అంటుంటారు, నేను నిజంగానే కళ్ళు గట్టిగా మూసుకుని కాసేపు ఆ పనికి ప్రయత్నించాను.

"నోరు తెరువు హాజీ," అందామె. "బిగించుకుంటే నీ పరువేం తిరిగి రాదు."

తెరిచాను. చెంచా వచ్చింది. గొంతుకి కూడా పౌరుషం లేదు, ఎదురెళ్ళి మరీ అందుకుంది. మావాళ్ళు నన్ను ఎండలో మోసుకెళ్ళి బస్సులో పడేద్దామన్నారట, ఆమె ఒప్పుకోలేదట, సత్తామ్‌ని కారిచ్చి డాక్టరు కోసం తరిమిందట, అంగీ విప్పించి, మెడకీ చంకలకీ తడిగుడ్డలు పెట్టి, నేను కళ్ళు తెరిచి మింగగలిగేదాకా ఒక్క చుక్క నోట్లో వెయ్యలేదట. ఇదంతా వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. కలిపిన నీళ్ళు ముందు తనే రుచి చూసి, తలూపి, మళ్ళీ చెంచా ముంచింది. చక్కెర ఎక్కువైనా ఫరవాలేదు గానీ ఉప్పు కన్నీళ్ళకన్నా మించకూడదు అంది. ఆ రుచి ఆమెకి తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలిసి ఉండదు. నా వల్ల, మా వల్ల. ఇప్పుడు ఆ ఉప్పే నా కడుపులో ఉంది. తర్వాత నా చెయ్యి అందుకుని వెనకవైపు తోలు గిల్లింది. మడత అలాగే నిలబడింది. ఇద్దరం దాన్ని చూశాం, అది మెల్లగా, బద్ధకంగా సర్దుకునేదాకా.

"గొర్రెకైతే చూస్తావు గదా," అంది. "నీకు నువ్వు చూసుకోలేదా?"

 లేవకుండా కూర్చోవాలని నీళ్ళు మానేశాను తల్లీ అని చెప్పనా. నీ కొడుకు నెత్తురు గురించి మాట్లాడ్డానికి వస్తూ దారంతా నా ఉచ్చ గురించే ఆలోచించాను అని చెప్పనా. తల్లీ, బయట నేను అడిగింది, అది నేను కాదు, నా నోరు అలా, అని ఏదో నత్తిగా మొదలుపెట్టాను. ఆమె చెంచాని గిన్నెలో తిప్పుతూ ఉంది.

"మా ఇంట్లో ఇవ్వడానికి ఆడపిల్ల లేదు హాజీ," అంది. "నేను కన్నది ఒక్కణ్ణే."

చెంచా మళ్ళీ వచ్చింది. ఒక్కణ్ణే. మింగు అంది, మింగాను. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఏడ్చి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఇలా నీళ్ళు పోస్తూ, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పేసరికి, నా వయసూ నా పెద్దరికం నేను పరిష్కరించిన తగాదాలూ అన్నీ ఈ పరుపు మీద గుడ్డలు లేకుండా పడుకున్నట్టు అనిపించింది. ఆమెని ఏదో ఒకటి అని పిలవాలి. తల్లీ తల్లీ అని ఎంతసేపు. మా వైపు ఒక ఆడమనిషిని గౌరవంగా పిలవాలంటే పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తాం, నన్ను నాయిఫ్ తండ్రి, అబూ నాయిఫ్ అన్నట్టే, ఉమ్ ఫలానా, ఫలానావాడి తల్లి అని. ఫలానావాడు. వాడి పేరేమిటి. ఫొటో వైపు చూశాను. వాడూ నా వైపే చూస్తున్నాడు. పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట చెయ్యి పెడితే ఖాళీ గోడ తగిలింది. బస్సులో నాలో నేను వల్లె వేసుకున్న పేరు, పొద్దున నౌఫా రెండు చేతులూ పట్టుకుని మర్చిపోకు నాన్నా అన్న పేరు. ఫవ్వాజ్ పేరు గుర్తుంది. అవ్వాద్ పేరు గుర్తుంది, నా పాత ఒంటె పేరు కూడా గుర్తుంది. పోయినవాడి పేరు మాత్రం పోయింది. నీళ్ళు చేరితే అదీ వస్తుందేమో, ఎండిన బుర్రలో తడి ఎక్కడిదాకా ఎక్కిందో ఎవరికి తెలుసు, అని ఈసారి చెంచా కోసం నేనే నోరు తెరిచాను. ఆమె అది గమనించింది. చెంచా పక్కన పెట్టి, నా తల కింద చెయ్యి పెట్టి, గ్లాసు అంచు పెదవులకి ఆనించి, గుక్కెడే, ఆగు, ఇప్పుడు ఇంకో గుక్కెడు అంది. నేను కుర్రాళ్ళకి చెప్పిన మాటలే అవి. పేరు రాలేదు.

పేరు రాలేదు గానీ రెండోది వచ్చింది. దేన్ని తప్పించుకోవడానికి నిన్నటి నుంచి నోరు కట్టుకున్నానో సరిగ్గా అదే, పొత్తికడుపులో, ముందు మెల్లగా, తర్వాత తొందరగా. నవ్వొచ్చే సంగతే, ఇంకెవరికైనా జరిగి ఉంటే మా ఊరి కాఫీ దుకాణంలో కూర్చుని వారం రోజులు నవ్వేవాణ్ణి. పరుపు మీద కాళ్ళు ముడుచుకున్నాను. గోడ వైపు తిరిగాను. వెధవ సిగ్గు, చావు దగ్గరిదాకా తెచ్చి వదిలిపెట్టింది, అయినా ఇంకా నన్ను పట్టుకునే ఉంది. అడగరా తర్రాద్, అని నా అసలు పేరుతో నన్ను నేనే తిట్టుకున్నాను, అడగడమే కదా నీ వృత్తి. బయటికి వెళ్ళాలి తల్లీ అన్నాను, గోడకి చెప్పినట్టు. ఆమె ముఖంలో మొదటిసారి ఏదో కాస్త సడలింది. వస్తుందా, మంచిదే, ఒంట్లో నీళ్ళు చేరుతున్నాయన్నమాట అంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి భర్తని పిలిచింది, డాక్టరు కోసం వెళ్ళిన సత్తామ్ ఇంకా రాలేదు, ఇంటి లోపలికి రాగల మగవాడు అతనొక్కడే. వద్దు తల్లీ, అతన్ని వద్దు అనేలోపే మర్జూక్ గుమ్మంలో ఉన్నాడు.

నన్ను క్షమించాల్సిన మనిషి నా చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఒక్కసారిగా లేవనివ్వలేదు, కాసేపు పరుపు మీదే కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం ఆగిందా అన్నట్టు చూసి, అప్పుడు నిలబెట్టాడు. పెరట్లోకి నడిపించాడు. ఎండ కత్తిలా ఉంది. సిమెంటు తొట్టి, దాని పక్కన చుట్టలు చుట్టిన గొట్టం, నేలమీద టైర్ల జాడలు ఎండి గట్టిపడ్డాయి. ఒకచోట మాత్రం మట్టి కొత్తగా తెచ్చి పోసి చదును చేశారు. అటు చూడకుండా నడిచాను, అతను కూడా చూడలేదు, ఇద్దరం ఒకేచోట కాస్త పక్కకి తిరిగి నడిచాం. పాకీదొడ్డి తలుపు వేసుకోబోతే, వేసుకోవద్దు, పడిపోతావు అన్నాడు, అని వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ చప్పుడు అతను వింటుండగా, ముందు చుక్క చుక్కగా, తర్వాత కాస్త ధారగా. రంగు పొద్దుటికంటే పలచబడింది. చేతికర్ర జారిపోతే అతనే వంగి తీసి ఇచ్చాడు. బయటికి వచ్చాక చెంబుతో తొట్టిలో ముంచి నా చేతుల మీద పోశాడు. చాలాసేపు పోశాడు, నా చేతుల్ని చూడకుండా.

"మీవాడు ఆరోజు నింపిన నీళ్ళే ఇవి," అన్నాడు. "మొత్తం పారబోద్దామన్నా. ఆమె ఒప్పుకోలా. ఆగస్టులో నీళ్ళు పారబోస్తారా అంది."

చేతులు అలాగే చాపి నిలబడ్డాను. ఫవ్వాజ్ నీళ్ళు. అంటే చెంచాతో నా నోట్లో పడినవీ అవే. వాడు తెచ్చాడు, ఆ కుర్రవాడు మూత సర్దాడు, ఆ తల్లి చక్కెర కలిపింది, నేను తాగి బతికాను. నాకు ఏడుపు రావాలి, కళ్ళు మండాయి గానీ తడి రాలేదు, అంత తడి ఇంకా లోపల చేరలేదు కాబోలు. మర్జూక్ చెంబు బోర్లించి నన్ను మళ్ళీ లోపలికి నడిపించాడు, వదిలేసి డేరా వైపు వెళ్ళిపోయాడు.

ఆమె ఈసారి గ్లాసు నా చేతికే ఇచ్చింది.  తల తేలికపడింది, గోడ నీలం, ఫ్యాను చప్పుడు, అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి, సిగ్గు మాత్రం అన్ని చోట్లా ఉంది. మతి లేనప్పుడే నయం, తెలివి వచ్చినకొద్దీ ఏం చేశానో ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె గిన్నే చెంచా సర్దుతూ, నా వైపు చూడకుండా, లోపల జరిగింది లోపలే అంది. బయట నీ కప్పు నిండుగానే ఉంది, నువ్వు ఏం తాగావో నేను చూళ్ళేదు, పో, పోయి అడగాల్సింది అడుగు అంది. నాకు దారి ఇస్తోంది. కొడుకుని చంపినవాడి తాతకి పరువుతో బయటికి వెళ్ళే దారి. అంగీ వేసుకుని, తలగుడ్డ సర్దుకుని వెళ్ళి కూర్చోవచ్చు, ఎండదెబ్బ అనొచ్చు, నోరు జారిందనొచ్చు, కప్పు పక్కకి జరిపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టి, వాడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఏమనాలి. పోయినవాడు అనొచ్చు. పెద్దలందరూ అలాగే అంటారు, ఎవరూ తప్పు పట్టరు. ఫొటో వైపు మళ్ళీ చూశాను. వాడు ఇప్పటికీ నన్ను నమ్మడం లేదు. గ్లాసు కింద పెట్టాను.

"తల్లీ, నీ కొడుకు పేరు నాకు గుర్తు రావడం లేదు," అన్నాను. "అడగడానికి సిగ్గేస్తోంది. చెప్పు."

ఆమె చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, అరిచి మగవాళ్ళని పిలుస్తుందనుకున్నాను, పిలిచినా తప్పులేదు అనుకున్నాను. 

"రాకాన్," అంది. మళ్ళీ ఇంకోసారి, నాకు కాదు, తనకే అన్నట్టు, "రాకాన్." తర్వాత అంది, "వచ్చినోళ్ళంతా పోయినోడు, పోయినోడు అంటారు. వాడి పేరు చెప్పమని నన్నెవరూ అడగలా హాజీ."

నల్ల గుడ్డ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను గోడ పట్టుకుని లేచాను, అంగీ వేసుకోలేదు, అక్కడే వదిలేశాను.

డేరాలో నన్ను చూసి మావాళ్ళు లేచారు, వాళ్ళలో కొందరు. అవ్వాద్ లేవలేదు. నా కప్పు అక్కడే ఉంది, పైన పలుచటి మీగడలాంటిది కట్టింది, ఒక ఈగ అంచు మీద తిరుగుతోంది. నిలబడి మాట్లాడే ఓపిక లేదు, కూర్చునే మాట్లాడతానన్నాను. మర్జూక్ తల వంచుకునే ఉన్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ ఆగాలో తెలిసినవాణ్ణి, ఆ తెలిసినవన్నీ ఇప్పుడు నోటికి అడ్డంపడ్డాయి. ఈ ఇంటి నీళ్ళు తాగాను అన్నాను. మాట దొరక్కముందే తాగాను, మొదట తెలియక తాగాను, తర్వాత తెలిసే తాగాను, కాబట్టి ఈ కప్పు వైపు చూడకండి, దీనికి ఇప్పుడు ఏ బలమూ లేదు అన్నాను. మావాళ్ళలో ఎవరో తల పట్టుకున్నారు. ఇందాక అడిగిన మాట పిచ్చిమాట, ఎండ మీద నెట్టను, మీ మధ్యలో ఉచ్చకి లేవాల్సి వస్తుందని సిగ్గుపడి నిన్నటి నుంచి నీళ్ళు మానేశాను, అందుకని మతి తప్పింది, ఆ సిగ్గు నాది, దాని బరువు మీ నెత్తిన పడింది అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఫవ్వాజ్ వెనక చూసుకోకుండా బండి తీశాడు అన్నాను. మర్జూక్ కొడుకు రాకాన్‌ని చంపాడు అన్నాను. ఆ పేరు వినగానే మర్జూక్ తల ఎత్తాడు. క్షమించమని అడగడానికే వచ్చాను.

"ఇవ్వకపోయినా లేచి వెళ్తాను మర్జూక్," అన్నాను. "ఈ ఇంటి నుంచి దాహంతో వెళ్ళానని మాత్రం ఎక్కడా అనను. దాహంతో వెళ్ళడం లేదు."

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.  అవ్వాద్ అన్న వైపు చూశాడు, తలగుడ్డ అంచు నమలడం మొదలుపెట్టాడు. డేరా గుడ్డ గాలికి ఒకసారి ఉబ్బి మళ్ళీ వాలింది. మాట రాదు అనుకున్నాను, రాకపోవడమే న్యాయం అనుకున్నాను, జైల్లో అన్నం ముట్టకుండా కూర్చున్న ఆ పిల్లవాడికి ఏం చెప్పాలి, నౌఫాకి ఏం చెప్పాలి. అప్పుడు ఇంటి కిటికీలోంచి ఆమె గొంతు వచ్చింది. మగవాళ్ళ సభలోకి ఆడవాళ్ళు గొంతు పంపరు, అందరూ తలలు దించుకున్నారు.

"మర్జూక్, ఆ కాఫీ చల్లారిపోయింది, పారబోసి వేడిది పొయ్యి," అంది. "ముందు మాత్రం నీళ్ళియ్యి. ఉత్త కాఫీ పోస్తే ముసలాయన మళ్ళీ పడిపోతాడు."

మర్జూక్ కిటికీ వైపు చూశాడు. తర్వాత లేచి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కప్పు తీసి, చల్లారిన కాఫీ డేరా అంచున మట్టిలో పోసి, కూజా వంచి వేడిది పోసి, తెచ్చి నా ముందు పెట్టాడు. పెట్టాక కూడా అతని వేళ్ళు కాసేపు కప్పుని వదల్లేదు. నీ కాఫీ తాగు అబూ నాయిఫ్ అన్నాడు. నా వెనక మావాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి వదలడం వినిపించింది. ఈ రాత్రికి మా ఊళ్ళో, అబూ నాయిఫ్ ఈసారి కూడా కప్పు తాగే వచ్చాడని చెప్పుకుంటారు. నేను గెలిచింది ఏమీ లేదని ఈ డేరాలో ఉన్నవాళ్ళకి తెలుసు, ఆ కిటికీ వెనక ఉన్నామెకి ఇంకా బాగా తెలుసు. చెయ్యి కప్పు దాకా వెళ్ళలేదు. అందరూ చూస్తున్నారు, చూడనీ. కిటికీ వైపు తిరిగి, అందరికీ వినపడేలా పిలిచాను.

"ఉమ్ రాకాన్," అన్నాను, "ఇంకొంచెం నీళ్ళు కావాలి."